మూడో టంబ్లరు

కోవిల్‌పట్టి
మే 14

పరమేశ్వరి వదినకు,

యువరాణి రాస్తున్నాను. ముందుగా నా రాతను, తప్పులను మన్నించు. ఆరో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. పెళ్లయిన ఈ మూడేళ్లలో సంతకం తప్ప ఏమీ రాయలేదు. ఏ అక్షరానికి ఒత్తు ఉందో, దేనికి లేదో సగం మరిచిపోయాను. గీతలు లేని కాగితం కావడంతో వరసలన్నీ కిందికి జారిపోతున్నాయి. నవ్వుకో, పరవాలేదు.

గంటన్నర బస్సు దూరంలో ఉండి ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోను అత్త చేతిలో ఉంటుంది. ఎవరితో మాట్లాడినా స్పీకరు పెట్టమంటుంది. "మన ఇంట్లో దాచే మాటలు ఏముండాయి?" అంటుంది. తమిళంలో రాస్తే మామ చదువుతాడు. తెలుగు మాట్లాడనివాళ్లు మన ఇంట్లో లేరు. చదివేవాళ్లు మాత్రం మన ఊరి బడిలో సుబ్బులక్ష్మి టీచరు దగ్గర దిద్దుకున్న మనిద్దరమే. నువ్వు నాకంటే ఐదేళ్లు ముందు దిద్దావు, అంతే తేడా.

మీ తమ్ముడు మొన్న చెన్నై నుంచి వచ్చారు. బస్టాండు అంగడిలో తొమ్మిదేళ్లుగా కాపి మాస్టరుగా నిలబడి విసిగిపోయారని నీకు తెలుసు. అక్కడ పొద్దున దించిన డికాషనే సాయంత్రం దాకా మరుగుతుంది. తాగేవాళ్లకు బస్సు మీద కన్ను, టంబ్లరు మీద కాదు. ఒక్కసారైనా మంచి కాపి చేసే అంగడిలో పని చెయ్యాలని పక్కింటి సరవణకుమార్‌ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఎనిమిది దినాలు కత్తిరి ఎండలో వీధి వీధి తిరిగారట.

ఒకే పేరు బోర్డు నాలుగు వీధుల్లో కనిపిస్తే ఆ అంగడిలోకి పోలేదట. యజమాని గల్లా దగ్గర కాక పొయ్యి దగ్గర నిలబడి ఉంటే పోయేవారట. మంచి కాపి ఎక్కడ దొరుకుతుందని ఆఫీసులవాళ్లను అడిగితే తెలియదట, పొద్దున్నే వీధిలో కూర్చుని పూలు కట్టేవాళ్లను అడగాలట. తిరువల్లిక్కేణిలో ఒక మేడమెట్ల కింద అంగడి ఉందట. నలుగురు నిలబడితే ఐదోవాడు వీధిలో ఉండాలి. అక్కడి ముసలాయన తొందరపడేవాళ్లను చూసి, "డికాషను దిగనీ, నీ ఆఫీసు ఎక్కడికీ పోదు" అంటాడట. బెసంట్ నగర్‌లో చదువుకున్న పిల్లలు కారు షెడ్డులో అంగడి పెట్టారట. పాలు లేవు, చక్కెర లేదు, కాగితంలో వడగట్టి గాజు గ్లాసులో ఇస్తారు, రెండు వందలు. సరవణన్ ఉమ్మేశాడట. మీ తమ్ముడు మాత్రం, "చేదుగా ఉండాది, అయినా దీంట్లో అబద్ధం లేదు" అన్నారట.

మాంబళంలో ఒక సందులో సంగవి అనే ఆమె అంగడి వీళ్లకు నచ్చింది. ఆమెకు ఒక మాస్టరు కావాలి. వచ్చిన ఎనిమిది మంది లోపలి వంటింట్లో కాపి చేస్తే, టంబ్లర్ల కింద ఊరి పేరు మాత్రం రాసిన చీటీ పెట్టి వరసగా ఆమె ముందుకు పంపారట. ఎవరిదో తెలియకుండా తాగి చూస్తుందట. పదిహేను దినాల్లో ఫోను చేస్తామన్నారు. మీ తమ్ముడి ఫోను రైల్లో పడి పగిలింది, సరవణన్ ఫోనుకు రీచార్జి లేదు. ఇద్దరి పేర్ల పక్కనా మన ఇంటి నంబరే ఇచ్చి వచ్చారు. అంగడి పైన ఒక గది ఉందట, ఆలుమగలు ఉండొచ్చట.

ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన మొహం చూడాలి వదినా. నాకు కూడా సంతోషమే అయింది. లోపలికి పోయి కాపి కలిపి తెచ్చాను. ఒక గుక్క తాగి టంబ్లరు నేల మీద పెట్టేశారు.

"మే రాణీ, ఇది కాపి కాదే. చిక్కరి నీళ్లు."

అత్త నవ్వింది. "ఇన్ని దినాలూ అదే తాగి బతికితివి గదరా!" అంది. మామ నవ్వాడు, గడప దగ్గర నిలబడిన సరవణన్ నవ్వాడు, నేనూ నవ్వాను. చిక్కరి వేరు పొడి సగం కలిపిన ఆ చవక కాపిపొడి తెచ్చేది ఆయనే. ఏది తెస్తే అది కలిపాను. ఆ టంబ్లరు కడిగేటప్పుడు మాత్రం కొళాయి ఎక్కువసేపు తిప్పి ఉంచాను.

ఇంత చిన్నదానికి ఉత్తరం రాశానని తిట్టకు. రాసేందుకు నువ్వు తప్ప ఎవరున్నారు.

నీ మరదలు
యువరాణి


విరుదునగర్
మే 21

మరదలు రాణికి,

ఆశీర్వాదాలు. నీ ఉత్తరం చూసి మీ అన్నయ్య మాధవన్, "ఏంది ఇది, మంత్రమా?" అని తిప్పి తిప్పి చూశాడు. "ఆమా, మొగుణ్ణి గొర్రెను చేసే మంత్రం" అన్నాను. ఆ తరువాత ముట్టుకోలేదు.

నా తమ్ముడి మాట పట్టించుకోకు. చిన్నప్పుడు అమ్మ పెట్టిన చద్ది గంజిని వేలితో నాకి గిన్నె కడిగే పని లేకుండా చేసినోడు కుమారవేల్. ఎనిమిది దినాలు పట్నం చూసి వచ్చి నాలిక పెంచుకున్నాడా? ఈసారి అట్లా అంటే టంబ్లరు ఆయన ముందే వాకిట్లో పారబోసి, "మాంబళానికి పోయి తాగి రండి" అను. అనలేవని తెలుసు. చెప్పడం నా ధర్మం.

ఒక మాట అడుగుతాను, నిజం రాయి. పట్నం పోవడం నీకు ఇష్టమేనా? వాడు పోతే నాకు సంవత్సరానికి ఒకసారి కూడా కనపడడు. మీ అన్నయ్య వెంబకోట్టై దగ్గర పటాసుల యూనిట్‌లో ఇప్పుడు మేస్త్రీ. దీపావళి పనికి నమ్మకమైన మనుషులు కావాలంటున్నాడు. కుమారవేల్ వస్తే వారానికొక పూట నా ఇంట్లో తింటాడు. ఊరికే చెబుతున్నాను. వాడికి చెప్పకు.

పరమేశ్వరి


కోవిల్‌పట్టి
జూన్ 5

వదినకు,

నువ్వు అడిగినదానికి జవాబు రాయకముందే వేరే విషయం జరిగిపోయింది. ఎవరికీ చెప్పలేక వారం దినాలుగా అన్నం సరిగ్గా దిగడం లేదు.

పోయిన బుధవారం అత్త రేషను అంగడికి పోయింది. ఫోను ఛార్జింగులో ఉంది. మోగింది. నేను తీయను, నీకు తెలుసు. ఆగి మళ్లీ మోగింది. మూడోసారి తీశాను.

"కోవిల్‌పట్టియా? నేను సంగవి, మాంబళం కాపి అంగడి" అని తమిళంలో చెప్పింది. మంచి గొంతు. ఎనిమిది టంబ్లర్లలో మూడోది ఆమెకు నచ్చిందట. చీటీ మీద కోవిల్‌పట్టి అని మాత్రం ఉంది, ఆ ఊరి కింద రెండు పేర్లున్నాయి. "మూడో టంబ్లరులో చిక్కరి అసలు లేదమ్మా. మా వంటింట్లో చిక్కరి డబ్బా ఎదురుగా పెట్టినా ముట్టుకోలేదు. మీవాళ్లిద్దరిలో చిక్కరి వెయ్యని మనిషి ఎవరు? ఆయన్ను సోమవారం రమ్మనాలి" అంది.

ఆమె ఒక్కొక్క పేరే చదివింది. మొదట మీ తమ్ముడి పేరు. "ఆయనేనా?" అంది. మొగుడి పేరుకు ఊ అన్నా, నోటితో పలికినట్టేనని మా అమ్మ చెప్పేది. గమ్మున ఉన్నాను. రెండో పేరు చదివింది. "సరవణకుమారా?" అంది.

"ఆమా, అతనే" అన్నాను.

"సరి, చెప్పండి" అని పెట్టేసింది. అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు.

అత్త రాగానే సరవణన్‌కు పిలుపు వచ్చిందని చెప్పాను. వాళ్ల అమ్మ తాయమ్మాళ్ పెద్దమ్మ వీధంతా వేరుశనగల కడలమిఠాయి పంచింది. కంటికి పొర కమ్మింది కదా, తడుముకుంటూ మన గడపకు వచ్చి నా చేతిలో రెండు ముక్కలు పెట్టింది. మీ తమ్ముడు సరవణన్ చొక్కాను తానే ఇస్త్రీ చేయించుకొచ్చారు. తన ఇత్తడి ఫిల్టరు, అదే, మీ నాయన కొనిచ్చింది, గుడ్డలో చుట్టి వాడి సంచిలో పెట్టారు. "పట్నంలో స్టీలుది ఇస్తారు, దాంట్లో చెయ్యి కుదరదురా" అన్నారు.

రైలు ఎక్కించి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు. "నా చేతిలో ఏమీ లేదు మే" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. పేరు పలకకూడదన్న కట్టుబాటు వల్ల ఇట్లా అయిపోయింది వదినా. నేనేం చెయ్యను?

యువరాణి


విరుదునగర్
జూన్ 12

రాణికి,

ఏడవద్దు. నువ్వు కావాలని చేశావా ఏమి? ఈ పేరు పలకని కట్టుబాటుతో నేను పడిన పాట్లు నీకు చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో రేషను కార్డు ఆఫీసులో గుమాస్తా మొగుడి పేరు చెప్పమన్నాడు. ఎట్లా చెప్పేది? గోడ మీద కాలెండరులో వెన్న తింటున్న కృష్ణుణ్ణి వేలు పెట్టి చూపించాను. మాధవన్ అని (రాస్తే దోషం లేదంటారు) ఆయనకు తట్టాలి కదా! కృష్ణన్ అని రాసిపెట్టాడు. అది మార్పించడానికి మీ అన్నయ్య మూడు నెలలు తిరిగాడు. "నువ్వు ఇంకో రెండు దినాలు ఆలోచించి ఉంటే నన్ను వెన్నముద్ద అని రాయించి ఉంటావు" అని ఇప్పటికీ దెప్పుతాడు. మన ఆడవాళ్లు చేసే తప్పే ఇది. సరవణన్ మాత్రం పరాయివాడా?

కుమారవేల్ పోయిన ఆదివారం ఇక్కడికి వచ్చాడు. పెరట్లోకి పోయి ఒక్కడే కూర్చున్నాడు. అప్పుడు మీ అన్నయ్యతో నేనే ఎత్తించాను ఆ మాట. జులై ఒకటి నుంచి వెంబకోట్టై యూనిట్‌లో పని. వ్యాను కోవిల్‌పట్టి దాకా వస్తుంది. "కాపి అనేది పట్నంలో మనుషులున్నోళ్లకురా, మనకు ఎందుకు?" అన్నాను. వాడు తలూపాడు. నీ ఇష్టం అడిగావా అంటే, "దానికి ఇక్కడే బాగుంటుంది అక్కా" అన్నాడు.

చూశావా, అంతా మంచికే. దిగులుపడకుండా అన్నం తిను.

పరమేశ్వరి


కోవిల్‌పట్టి
జులై 16

వదినకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను. ఈరోజు లేవను.

మీ తమ్ముడు పొద్దున ఐదున్నరకు వ్యాను ఎక్కుతారు. సాయంత్రం ఐదింటికి దిగుతారు. గోళ్ల సందుల్లో వెండి రంగు పొడి ఉంటుంది, నిమ్మతొక్కతో రుద్దినా పోదు. కాపి మానేశారు. "ముక్కుకు ఏ వాసనా తెలీడం లేదు, తాగి ఏం లాభం?" అంటారు. నేను శొంఠి నీళ్లు కాచి ఇస్తాను. తాగి, "బాగుండాది" అంటారు. ఏది ఇచ్చినా అదే మాట.

నిన్న ఐదయింది, వ్యాను రాలేదు. ఐదుంబావు. వీధి మొదట్లో ఐదారుగురు ఆడవాళ్లం నిలబడ్డాం. అందరూ ఉత్తరం వైపు ఆకాశం చూస్తారు. అక్కడ పొగ కనపడుతుందేమోనని వాళ్లకు అలవాటట. నాకు తెలియక, "దేన్ని చూస్తా ఉండారక్కా?" అని ఒకామెను అడిగాను. ఆమె నా వైపు తిరిగి, "కొత్తదానివా?" అంది. అంతే అంది. ఆరింటికి వ్యాను వచ్చింది. టైరు పంచరయిందట. ఆయన దిగి, నన్ను వీధిలో చూసి ఆశ్చర్యపోయారు. "ఏంది మే, నువ్వు రోడ్డు దాకా వస్తివి!" అని నవ్వారు.

ఆ గంటలో నేను ఒక నిర్ణయానికి వచ్చాను. నీకైనా నిజం రాయాలి.

జూన్‌లో నేను నీకు రాసింది అబద్ధం కాదు, కానీ నిజం కూడా కాదు. సంగవి ప్రశ్న పూర్తయ్యేలోపే మూడో టంబ్లరు ఎవరిదో నాకు అర్థమైంది. పేరు పలకలేకపోతే, "మొదట చదివినాయన" అంటే సరిపోయేది. "మా ఇంటాయన" అంటే సరిపోయేది. ఈ రెండు మాటలూ నా నాలిక మీదికి వచ్చాయి. వచ్చాక మింగాను.

ఎందుకు మింగానో చెబితే నువ్వు నన్ను మనిషిగా చూస్తావో లేదో. నేల మీద పెట్టిన ఆ టంబ్లరు గుర్తొచ్చింది. నా కాపిని చిక్కరి నీళ్లు అన్న మనిషి ఇక్కడే ఉండి ఆ నీళ్లే తాగనీ అనిపించింది. అది ఒకటి. రెండోది భయం. సంగవి అంగడిలో నువ్వు గల్లా దగ్గర కూర్చుని టోకెన్లు ఇవ్వొచ్చు, నాలుగు మాటలు నేర్చుకోవచ్చు అని ఆయన ఒకసారి అన్నారు. గ్యాసు సిలిండరు మనిషి వస్తేనే నేను తలుపు వెనక్కి పోతాను. ఆ చదువుకున్న పిల్లల మధ్య, గాజు గ్లాసుల మధ్య నన్ను చూసి ఆయన సిగ్గుపడే దినం వస్తుందనుకున్నాను. ఆ దినం రాకముందే దారి మూసేశాను. కట్టుబాటు అడ్డం వచ్చిందని నీకు రాసినప్పుడు, నాకే కాస్త నమ్మకం కలిగింది. నువ్వు ఓదార్చేసరికి ఇంకా కలిగింది. రోడ్డు మీద నిలబడి ఆకాశం చూశాక ఏమీ మిగల్లేదు.

తన చేతిలో ఏమీ లేదని ఆయన అనుకుంటున్నారు వదినా. ఆ చేతులతో ఇప్పుడు మందు కూరుతున్నారు.

యువరాణి


విరుదునగర్
జులై 21

యువరాణికి,

ఉత్తరం చేరింది. రెండు దినాలు నీకు జవాబు రాయబుద్ధి కాలేదు. నీ జుట్టు పట్టుకుని అడగాలనిపించింది. ఒక గుక్క కాపి కోసం నా తమ్ముడి తొమ్మిదేళ్ల ఆశను అమ్మేశావా? వాడు నిన్ను చెయ్యెత్తి కొట్టాడా, బూతు తిట్టాడా? ఉన్న మాట అన్నాడు. చిన్నప్పటి నుంచీ నీ నోట్లో మాట లేదని అందరం జాలిపడ్డాం. ఒక్క మాట కావాల్సిన చోట ఎంత పని చేశావు!

ఇది రాసి లేచిపోయాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను, ఎందుకంటే నిన్ను తిట్టే అర్హత నాకూ లేదు.

మీ అన్నయ్య కుడిచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్న మచ్చ నూనె పడి అయిందని మీ అందరికీ చెప్పాను. నూనె కాదు. రెండేళ్ల కిందట ఆ యూనిట్‌లోనే ఒక గదిలో మందు అంటుకుంది. ఈయన తలుపు దగ్గర ఉన్నాడు కాబట్టి చెయ్యితో పోయింది. అమ్మకు తెలిస్తే ఊరుకోదని అబద్ధం అల్లాను. అది తెలిసి కూడా కుమారవేల్‌ను పిలిచాను. వాడు నాకు దగ్గరలో ఉంటాడని. పండగకు ఒక తోబుట్టువు ముఖం కనపడుతుందని. నువ్వు వాణ్ణి ఇంట్లో ఉంచుకోవడానికి ఒక దారి మూస్తే, నేను నా దగ్గర ఉంచుకోవడానికి ఇంకో దారి తెరిచాను.

వాడికి నువ్వే చెప్పు. నేను చెప్పను. నాతో చెప్పించుకుంటే నువ్వు మళ్లీ తలుపు వెనక్కే పోతావు. మీ అన్నయ్యతో నేను మాట్లాడతాను. ఏ దినం మానేస్తానన్నా అడ్డు చెప్పడు.

తొందరగా చెప్పు. వ్యాను రోజూ వస్తుంది.

పరమేశ్వరి


కోవిల్‌పట్టి
ఆగస్టు 18

వదినకు,

చెప్పాను. నీ ఉత్తరం చేరిన తరువాతి ఆదివారమే చెప్పాను. మామ, అత్త పెళ్లికి వెళ్లారు. ఆయన మెట్టు మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నారు. నేను వెనక నిలబడ్డాను.

"బావా, ఆ దినం ఫోను నేనే తీసినా."

"తెలుసు మే."

"మూడో టంబ్లరు మీది."

"అదీ తెలుసు."

ఆయన తిరిగి చూడలేదు, గోళ్లు తీస్తూనే ఉన్నారు. సరవణన్ పోయిన నాలుగో దినమే బస్టాండు అంగడికి ఫోను చేశాడట. "అన్నా, చిక్కరి వెయ్యని మాస్టరని నన్ను మెచ్చుకుంటా ఉండారు. నేను గరిటెడు వేసినా గదా. ఇది నీ చోటు, నేను వచ్చేస్తా" అని ఏడ్చాడట.

"మీరేమంటిరి?"

"నేనే మా ఇంటామెతో నీ పేరు చెప్పించినా అంటిని. ఆమెకు పట్నం సరిపడదు, నాకు పోయే ఉద్దేశం లేదు, నోరు మూసుకొని పని నేర్చుకోరా అంటిని."

"నన్ను ఒక్క మాట అడిగి ఉండొచ్చు గదా బావా?"

అప్పుడు తిరిగారు. "అడిగితే నువ్వు చెప్పాల్సి వచ్చేది గదా" అన్నారు.

వదినా, ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొట్టి ఉన్నా ఇంత కాదు. పట్నం వస్తావా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదట, వస్తావనే మాట్లాడారట. అది తన తప్పట. నేను ఫోనులో చెప్పిందే నా జవాబు అనుకున్నారట. "వెంబకోట్టైకి ఎందుకు ఒప్పుకుంటిరి?" అన్నాను. "అక్క పిలిచింది. నువ్వూ పోవద్దనలేదు" అన్నారు. నిజమే. ఆ మాట కూడా నేను అనలేదు. వ్యాను ఎక్కేటప్పుడు రోజూ అన్నం మూట చేతికిచ్చి పంపాను.

మరునాడు పొద్దున వ్యాను హారన్ కొట్టింది. నేను ఆయన చెప్పులు ఎత్తి లోపల పెట్టేశాను. నోటితో చెప్పలేక చేసిన పనే, కానీ ఆయన బయటికి పోయి, రానని చెప్పి వచ్చారు. అన్నయ్య అడ్డు చెప్పలేదట. అత్త మాత్రం వారం దినాలు సణిగింది. "దొర కొడుక్కు కాపీ సరిపోలేదు, పటాసూ సరిపోలేదు. ఇంక కలెక్టరు పనే మిగిలింది" అంది. అనవలసింది నన్ను. పడింది ఆయన.

బస్టాండు అంగడిలో వేరే మాస్టరును పెట్టుకున్నారు. అందుకని మూడు ఆదివారాలుగా ఇద్దరం మదురై పోతున్నాం. చెన్నైలో తిరిగినట్టే అక్కడా వీధులు తిరుగుతున్నాం. పూలు కట్టేవాళ్లను నన్నే అడగమన్నారు. మొదటి ఆదివారం ఒకామె ముందు నిలబడి పెదవులు కదిపాను. "గట్టిగా అడుగు తల్లీ, నేను కరవను" అంది. నిన్నటికి గొంతు కొంచెం లేచింది. పూలు కట్టే ఆమె సిమ్మక్కల్ దగ్గర ఒక సందు చూపించింది. భార్యాభర్తలు నడుపుతున్న అంగడి, రెండు బల్లలు. ఆ పెద్దాయనకు చెయ్యి వణుకుతుంది. మీ తమ్ముణ్ణి పొయ్యి దగ్గరికి రానిచ్చాడు. తాగి చూసి, "వచ్చే ఆదివారం మళ్లీ చేసి చూపించు" అన్నాడు. ఇంకా ఏదీ తేలలేదు. అక్కడ మంచి కాపి తాగినప్పుడు ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు మూడు నెలలు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి, నా టంబ్లరు కూడా ఆయన వైపే జరిపాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. తాయమ్మాళ్ పెద్దమ్మను సరవణన్ చెన్నైకి పిలిపించుకుని కంటికి ఆపరేషను చేయించాడు. నిన్న సాయంత్రం ఆమె ఫోను చేసింది. అత్త ఎప్పటిలాగే స్పీకరు పెట్టింది. "రాణీ, ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తా ఉండా తల్లీ. నీ మొగుడు చేసిన పుణ్యం. తన చోటు నా కొడుక్కు ఇచ్చినాడంట గదా. వాడు చెప్పకూడదన్నాడు, నా నోరు ఆగలేదు" అని ఏడ్చింది. అత్త కళ్లు తుడుచుకుని, "మా వాడు అట్లాంటోడే. నువ్వైనా ఒక మాట చెప్పలేదేమే?" అని నా వీపు నిమిరింది. అందరూ నన్ను చూస్తున్నారు. "సరి పెద్దమ్మా, ఆరోగ్యం చూసుకోండి" అన్నాను.

ఆ తరువాత పెరట్లో ఆయనతో, ఆమెకు నిజం చెప్పేస్తాను, ఈ మెప్పు నేను మొయ్యలేను అన్నాను. మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది.

"నీ బరువు దించుకునేదానికి వాని నెత్తిన పెడతావా? నీ అబద్ధంతో వచ్చిన చోటని తెలిస్తే రేపే సంచి సర్దుకొని వచ్చేస్తాడు వాడు. ఇచ్చినోణ్ణి నేనని ఉండనీ. నువ్వు ఊరికే ఉండు" అన్నారు.

ఊరికే ఉండడం నాకు బాగా వచ్చిన పని. ఇన్నాళ్లూ నా కోసం ఊరుకున్నాను. ఇకమీదట సరవణన్ కోసం ఊరుకోవాలి. ఆ పెద్దమ్మ దీపావళికి వచ్చి నా చెయ్యి పట్టుకుని మళ్లీ పొగుడుతుంది. నేను నిలబడి వినాలి. నాకు తగిన శిక్ష అదేనేమో. ఆయన మాత్రం శిక్ష అనరు.

ఈ సంగతి ఇప్పుడు మన ముగ్గురికే తెలుసు, వదినా. మనవాళ్లకు తెలుగు చదవడం రాదన్న ధైర్యంతో ఇన్ని పుటలు రాశాను. అయినా కాగితం కాగితమే, ఎవరి చేతికి పోతుందో తెలియదు. అన్నయ్య చెయ్యి గురించి నువ్వు రాసిన ఉత్తరాన్ని ఈ పొద్దున నీళ్ల పొయ్యిలో వేశాను. నువ్వు కూడా నా ఉత్తరాలన్నీ తీసి, దీన్ని వాటి పైన పెట్టి కాల్చెయ్యి. మడిచిన కాగితం లోపల మండదు, విప్పి వెయ్యి. చివరి ముక్క నల్లబడేదాకా అక్కడి నుంచి కదలకు.

యువరాణి